సూది పట్టని కన్నం

*భిలాయి పక్కన జాముల్‌లో పదకొండేళ్లు మూలపడి ఉన్న రాజ్‌దూత్ 350. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. విప్పారు, కడిగారు, బిగించారు. కిక్ కొడితే ఒక పక్కే పలికింది. రెండో పక్క నోరు విప్పించడానికి పట్టిన తొమ్మిది రోజుల ముచ్చట ఇది.*

పదిహేడో కిక్కుకు పలికింది. అదీ సగమే.

ఎడమ సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పుమంది. కుడి సైలెన్సర్ తనకేమీ పట్టనట్టు ఉండిపోయింది. చోక్ లాగి ఉంచినంతసేపు బండి దగ్గుతూ మూలుగుతూ నిలబడింది. చోక్ నొక్కామో లేదో చటుక్కున ఆరిపోయింది. వరండాలో కుర్చీలోంచి లేవకుండానే మా మావయ్య తీర్పు చెప్పేశాడు: "ఒంటికాలి మీద కుంటుతున్నాదిరా."

మావయ్యకి డెబ్బై రెండేళ్లు. భిలాయి ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాడు. ఆ రొదలో అన్నేళ్లు ఉన్న మనిషికి మన మాటలు సగమే వినపడతాయి. అత్తయ్య పిలుపు అయితే అసలు వినపడదు. ఈ బండి చప్పుడు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ చెవి తప్పిన దాఖలా లేదు.

అంతకు వారం ముందే కార్బొరేటర్లు రెండూ కడిగించాం. ఆ షాపు కుర్రాడు పెట్రోల్ పోసి కడిగాడు, ఎయిర్ కొట్టాడు, పైపైన తళతళలాడేలా తుడిచి బిగించాడు. ఆరువందలు తీసుకున్నాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అతను పని నేర్చుకునేనాటికే కొత్త బండ్లలో కార్బొరేటర్ లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు వచ్చాక పెట్రోల్ కొలిచే పని చిన్న కంప్యూటరుకూ ఇంజెక్టరుకూ వెళ్లిపోయింది. అతనికి స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదవడం వచ్చు. మా బండికి స్కానర్ గుచ్చే చోటే లేదు.

దాంతో నందిని రోడ్డు మీద రేకుల షెడ్డులో కూర్చునే పెద్దాయన దగ్గరికి బండిని తోసుకుంటూ వెళ్లాం. ఆయన బండి ఎక్కలేదు, కిక్ కొట్టలేదు. కార్బొరేటర్ల మీది మెరుపు చూసి నవ్వాడు.

"కడిగినారు గానీ సుబ్బరం సెయ్యలేదు బావూ. కడగడం ఏరు, సుబ్బరం సెయ్యడం ఏరు."

రైలెక్కి వచ్చిన తెలుగు

జాముల్ ఎక్కడుందో చెప్పకపోతే ఆయన నోట ఆ శ్రీకాకుళం యాస ఎందుకుందో అర్థం కాదు. ఛత్తీస్‌గఢ్ దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరపు అంచున ఉంది ఈ ఊరు. 1965లో ఇక్కడ ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. ఉక్కు కర్మాగారం కొలుముల్లో ఇనుము మీద తేలే స్లాగ్ ఇక్కడికొచ్చి సిమెంటులో కలుస్తుంది. పక్కూరి పారబోత ఈ ఊరి ముడిసరుకు.

భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ నాలుగేళ్లలో మట్టి తవ్వడానికీ, రాయి కొట్టడానికీ, కాంక్రీటు మొయ్యడానికీ మనుషులు కావాల్సి వచ్చింది. ఉత్తరాంధ్రకు ఆ కబురు అందడం కష్టం కాలేదు. రాయపూర్-విజయనగరం రైలు మార్గం 1931లోనే పూర్తయింది. పార్వతీపురంలో ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్, ఆ పైన భిలాయి. మూట కట్టుకుని ఎక్కినవాళ్లు ఎక్కారు. ఇవాళ భిలాయి ఖుర్సీపార్ వీధుల్లో నడిస్తే తెలుగు వినపడకుండా పది గుమ్మాలు దాటలేం. సెక్టర్ 5లో బాలాజీ గుడి ఉంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ వందేభారత్ కూడా తిరుగుతోంది. తాతలు బొగ్గు ఇంజిన్ వెనక పెట్టెల్లో వచ్చిన దారిలో మనవలు ఏసీలో కూర్చుని పండక్కి వెళ్తున్నారు.

మెకానిక్ పెద్దాయన తండ్రి అలా రాయి కొట్టడానికి వచ్చినవాడే. ఈయన పద్నాలుగో ఏట భిలాయి పవర్‌హౌస్ ప్రాంతంలో ఒక సర్దార్జీ ఉస్తాద్ దగ్గర పనిలో చేరాడు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో 'కచ్రా' అంటాడు, 'జుగాడ్' అంటాడు, నట్టు రాకపోతే ఛత్తీస్‌గఢీలో తిడతాడు. నేను ఆయన్ను చిన్నాన్నా అని పిలిచాను. ఇక్కడ తెలుగువాళ్ల మధ్య వరసలు కలవడానికి ఊళ్లు కలవక్కర్లేదు.

పెట్రోలు తాగే గుర్రం

ఈ బండి గురించి నాలుగు ముక్కలు. యమహా ఆర్‌డీ 350 జపాన్ సృష్టి. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. యమహా 1970ల నడుమ దాన్ని పక్కనపెట్టి ఆర్‌డీ 400 తెచ్చింది. బయట తెర పడిన ఆ బండిని ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో ఫరీదాబాద్‌లో రాజ్‌దూత్ 350 పేరుతో మొదలుపెట్టి ఆ దశాబ్దం చివరిదాకా తయారు చేసింది. ముందు చక్రానికి డ్రమ్ బ్రేకే. వేగం మాత్రం ఆనాటి మన రోడ్లకు నాలుగింతలు. కుర్రకారు దానికి పెట్టుకున్న పేర్లు పెద్దవాళ్ల ముందు చెప్పేవి కావు. అంత పెట్రోల్ తాగే బండిని ఆ రోజుల్లో కొనేవాడెవడు? 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడు చివర్లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 జనానికి వేరే రుచి చూపించాయి. రాజ్‌దూత్ 350 సంసారుల వాకిట్లోకి రాలేకపోయింది.

మా మావయ్య సంసారే. అయినా 1988లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు. "సౌండు బాగుండీది" అంటాడు. అంతే.

2013 చివర్లో కంటి ఆపరేషన్ అయ్యాక బండిని వెనక షెడ్డులో పెట్టాడు. ఎక్కడ చెడిపోతుందోనని ముందుచూపుతో సగం ట్యాంకు పెట్రోల్ పోయించి, అందులో ఆయిల్ కలిపి, టార్పాలిన్ కప్పి మరీ పెట్టాడు. పెట్రోల్ కాక్ మూయలేదు.

చిన్నాన్న ఈ మాట విని తల కొట్టుకున్నాడు.

తిరిగే బండి అరుగుతుంది, ఆగిన బండి గడ్డకడుతుంది. పెట్రోల్ ఒక్క ద్రవం కాదు, తేలిక బరువులవి చాలా కలిసిన మిశ్రమం. నిలవ ఉంటే తేలికవి ముందు ఆవిరైపోతాయి. బండి త్వరగా అంటుకోవడానికి పనికొచ్చేవి అవే. మిగిలిన భాగం గాలి తగిలి మెల్లగా బంకలా మారుతుంది. కార్బొరేటర్ అడుగున ఉండే చిన్న గిన్నె, అదే ఫ్లోట్ చాంబర్, ఎండిపోతుంటే తెరిచి ఉన్న కాక్ గుండా ట్యాంకులోంచి మళ్లీ నిండుతుంది, మళ్లీ ఎండుతుంది. పాలు కాచిన గిన్నె కడక్కుండా మళ్లీ మళ్లీ కాస్తే అడుగున ఏం కడుతుందో అదే. దానికి తోడు ఈ బండికి ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశారు. లీటరు పెట్రోల్‌లో 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోసే అలవాటు. పెట్రోల్ పోయినా ఆయిల్ పోదు, జిగురై కూర్చుంటుంది. గిన్నె విప్పగానే వచ్చిన వాసన మా ఊళ్లో పాత వార్నిష్ డబ్బా మూత తీసినప్పటి వాసన.

ఇప్పటి పెట్రోల్‌కి ఇంకో గుణం కూడా వచ్చింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ కలిసింది. 2025లో అది ఇరవై శాతానికి చేరింది. చెరకు, ధాన్యం రైతుకు అది మేలు, విదేశీ చమురు ఖర్చుకు అది కోత. కాదనను. కానీ ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, వానాకాలంలో మూత తీసిన ఉప్పు డబ్బా లాగా. ఎక్కువ కాలం నిలవుంటే నీరు విడిపోయి అడుక్కి దిగుతుంది. ట్యాంకులో తుప్పు, కార్బొరేటర్ పోత లోహం మీద తెల్లని పొడి, 1980ల నాటి రబ్బరు వాషర్లు ఉబ్బడం, ఇవన్నీ దాని వెంట వచ్చేవే. రోజూ తిరిగే బండికి ఇది పెద్ద లెక్క కాదు. షెడ్డులో పడుకున్న బండికే లెక్క.

సిమ్‌లో ఆరిపోయే పొయ్యి

ఇక అసలు జబ్బు. చోక్ ఉంటే నిలబడుతుంది, తీస్తే ఆగిపోతుంది. రేస్ ఎక్కువ ఇస్తే రెండు పక్కలా పలుకుతుంది, వదిలితే ఒక పక్క పడుకుంటుంది. చిన్నాన్న కుడి పైపు మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించాడు. జారి కింద పడ్డాయి. ఎడమ పైపు మీద చల్లితే చుయ్‌మని ఆవిరయ్యాయి.

"మీ ఇంట్లో గ్యాస్ పొయ్యి సిమ్‌లో ఎడితే ఆరిపోద్దా ఎప్పుడైనా?" అని అడిగాడు. ఆరిపోతుందన్నాను. "పెద్ద మంట బాగానే వత్తాది గదా. మరేటి? సిమ్ము కన్నంలో కచ్రా. ఇదీ అదే."

కార్బొరేటర్ గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఈ ఒక్క పోలిక ముందు దిగదుడుపే. కొంచెం వివరంగా చెప్పుకుందాం. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు గుర్తుందా? గొట్టం మూతి మీదుగా గాలి జోరుగా పోతే కింద డబ్బాలోని మందు దానంతటదే పైకి లేచి తుంపరవుతుంది. జోరుగా పోయే ప్రవాహంలో పీడనం తగ్గుతుందని బెర్నూలీ 1738లో అచ్చువేసిన సూత్రమే అది. 1893లో జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకీ, చోంకా ఆ తుంపరను ఇంజిన్‌కు అలవాటు చేశారు. లోపలికి పోయే గాలి దారిని ఒకచోట ఇరుకు చేస్తారు. అక్కడ గాలి జోరందుకుని గిన్నెలోని పెట్రోల్‌ను పీలుస్తుంది. ఒక పాలు పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్లు గాలి ఉంటే పూర్తిగా కాలుతుంది. అంటే లీటరు పెట్రోల్ కాలడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. బండి తాగేది పెట్రోల్ అనుకుంటాం గానీ, నిజానికి అది గాలి మింగే జంతువు.

ఆ లెక్కను అన్ని వేగాల్లోనూ ఒకే కన్నం కాపాడలేదు. అందుకే దారులు వేరువేరు. చల్లటి ఇంజిన్ అందుకోవడానికి చోక్ దారి. ఆగి గుడగుడలాడేటప్పుడు, కొద్దిగా రేస్ ఇచ్చేటప్పుడు పైలట్ జెట్. నడుమ అంతా పైకీ కిందకీ ఆడే నీడిల్ చూసుకుంటుంది. పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్. మెయిన్ జెట్ కన్నం పెద్దది, తేలిగ్గా పూడదు. పైలట్ జెట్ కన్నం మిల్లీమీటరులో పావువంతుకు అటూ ఇటూ. బట్టలు కుట్టే సూది మొన కూడా దూరదు. కడిగిన కుర్రాడు ఎయిర్ కొట్టినప్పుడు ఆ గాలి పెద్ద దారుల్లోంచి హాయిగా వెళ్లిపోయి ఉంటుంది. బంక కట్టిన చిన్న దారి దానికి కనపడనే లేదు.

చిన్నాన్న కుడి కార్బొరేటర్ పైలట్ జెట్ విప్పాడు. గోధుమగింజ అంత ఇత్తడి ముక్క. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూశాడు. నా చేతికిచ్చాడు. నాకేమీ కనపడలేదు. ఎడమ జెట్ ఇచ్చాడు. అందులో సూదిమొనంత వెలుతురు, గుండ్రంగా, మధ్యాహ్నపు జాముల్ ఆకాశం మొత్తం ఆ చుక్కలో.

"పిన్నుతో పొడిచీవా, అయిపోనాదే" అని ముందే హెచ్చరించాడు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టిది. పిన్ను పెడితే మురికితో పాటు కన్నం కూడా గీసుకుపోతుంది. వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోల్ ఎక్కువై ప్లగ్ నల్లబడుతుంది. ఆయన షెడ్డు గోడకున్న మేకు నుంచి పాత కరెంటు వైరు ముక్క తీశాడు. తోలు ఒలిచి, లోపలి రాగి పోగుల్లోంచి ఒకే ఒక్క పోగు లాగాడు. రాగి ఇత్తడి కంటే మెత్తన, గీయదు. జెట్లను ముందు చింతపండు నీళ్లలో ఉడికించాడు. ఉడికించింది షెడ్డులో కాదు, వాళ్ల ఇంట్లో. పిన్ని దేవుడి ఇత్తడి సామాను తోముకునే చింతపండే. "పాత గిన్నె ఒకటి దీనికే ఇచ్చీసినాది మీ పిన్ని. ఆ గిన్నెలో మరి వంట సెయ్యదు" అన్నాడు. పోత లోహంతో చేసిన బాడీని మాత్రం పులుపులో నానబెట్టలేదు, తినేస్తుందట. దానికి బజారులో దొరికే కార్బ్ క్లీనర్ స్ప్రే.

మధ్యాహ్నం అన్నం వేళ ఆయన డబ్బా తెరిచాడు. రాత్రి అన్నం నీళ్లలో నానేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఇక్కడివాళ్లు బోరే బాసీ అంటారు. మా అత్తయ్య తరవాణి అంటుంది. జెట్లు నానుతున్నాయి, మేమూ చల్లబడ్డాం.

నాలుగింటికి పోగు దూరింది. ఒకసారి, రెండుసార్లు, మెల్లగా. మళ్లీ ఆకాశం వైపు ఎత్తాడు. ఈసారి నాకూ వెలుతురు కనపడింది. అక్కడితో అయిపోలేదు. జెట్ బాగుపడినా, బాడీ లోపల అది కలిసే దారి పూడి ఉంటే ఫలితం లేదు. స్ప్రే గొట్టాన్ని ఒక కన్నానికి ఆనించి నొక్కితే, గాలి దారికి తలుపులాంటి స్లైడ్ కింద ఉన్న ఇంకో చిన్న కన్నంలోంచి సన్నని చిమ్ము రావాలి. ఎడమదాంట్లో వచ్చింది. కుడిదాంట్లో రాలేదు. రాత్రంతా స్ప్రే పట్టించి వదిలేశాడు. మర్నాడు పొద్దున అయిదోసారి నొక్కినప్పుడు బెల్లంపాకం రంగు చుక్క ఒకటి బయటకొచ్చింది. దాని వెనకే చిమ్ము, నా చొక్కా మీదకు. పదకొండేళ్ల పెట్రోల్ అది. చొక్కా ఇప్పటికీ పోలేదు, మరకా పోలేదు.

ఫ్లోట్లు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపలికి పెట్రోల్ దిగి చప్పుడు చేస్తుందేమోనని. చెయ్యలేదు. గాస్కెట్లు కొత్తవి వేశాడు. ఎయిర్ స్క్రూ మెత్తగా ఆఖరుదాకా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. ఇగ్నిషన్ పాయింట్లు సన్న ఎమ్రీ కాగితంతో రుద్దాడు. ప్లగ్గులు మార్చాడు. మూడో కిక్కుకు రెండు పక్కలా పలికింది. మావయ్యకి ఫోన్ చేసి వినిపించాను.

"బాగానే ఉన్నాది. కానీ వదిల్తే దిగడం నేదేటి?"

బిగింపు కింద దాక్కున్న పగులు

నిజమే. రేస్ ఇచ్చి వదిలితే చప్పుడు వెంటనే దిగకుండా పైనే వేలాడుతోంది. నాకది హుషారుగా అనిపించింది. చిన్నాన్న ముఖం మారింది. గబుక్కున తాళం తిప్పి ఆపేశాడు.

ఎక్కడో దొంగగాలి పీలుస్తోందని దాని అర్థం. కార్బొరేటర్ కొలిచి పంపిన గాలి కాక, దారిలో ఇంకెక్కడినుంచో లోపలికి దూరే గాలి. పెట్రోల్ పాలు తగ్గుతుంది, మంట వేడెక్కుతుంది. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిసే బండి కాబట్టి ఆయిల్ కూడా తగ్గుతుంది. నాలుగు కిలోమీటర్లు జోరుగా పోతే పిస్టన్ పట్టేస్తుంది. రోడ్డు మీద వెనక చక్రం ఉన్నట్టుండి ఆగిపోవడమంటే ఏమిటో ఆ కాలపు కుర్రాళ్లలో కొందరి మోకాళ్ల మీది మచ్చలు చెబుతాయి.

కార్బొరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు మెడలు విప్పితే, కుడిదాని మీద క్లిప్పు బిగించే చోట, సరిగ్గా క్లిప్పు కింద, వెంట్రుకంత పగులు. వంచితే నోరు తెరిచింది. అతికించొచ్చు కదా అన్నాను. "అతికిత్తే అతుకు నిలబడద్ది, నమ్మకం నిలబడదు" అన్నాడు. ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొత్తవి తెప్పించాం. కొరియర్ రావడానికి ఆరు రోజులు. తొమ్మిది రోజుల కథ అన్నాను గానీ, అందులో ఆరు రోజులు మేం చేసింది ఎదురుచూడ్డమే.

ఆ ఆరు రోజులూ నేను షెడ్డు చుట్టే తిరిగాను. రోజుకు పాతిక బండ్లు వస్తాయి, అందులో ఇరవై ఇంజెక్షన్ బండ్లు. వాటిని ఆయన మేనల్లుడు చూస్తాడు, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. కార్బొరేటర్ పోయిందని బాధగా లేదా అని అడిగాను. నేను ఆశించిన జవాబు రాలేదు. "బాదేటి? కొత్త బండి సలికాలంలో కూడా సెల్ఫ్ కొడితే సాలు. పొగ నేదు. మైలేజీ ఉన్నాది. మనకేటి కావాల?" ఆయన మాటే సరైందని నాకూ అనిపిస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో లోపలికొచ్చిన పెట్రోల్‌లో కొంత కాలకుండానే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మా మావయ్య బండి వీధి మలుపు తిరిగితే అయిదు నిమిషాలు వీధంతా వాసన. అలాంటివి వెయ్యి తిరిగే ఊళ్లో నేను ఉండలేను. ఒక్కటి ఉంటే చాలు.

ఠింగ్... ఠింగ్

రబ్బర్లు వచ్చిన రోజు చివరి పని మిగిలింది. ఈ పని ఒక కార్బొరేటర్ బండికి ఉండదు.

హ్యాండిల్ దగ్గర యాక్సిలరేటర్ ఒకటే, దాని కేబుల్ కూడా ఒకటే. కింద అది రెండుగా చీలి రెండు కార్బొరేటర్ల స్లైడ్లను లేపుతుంది. రెండూ ఒకే క్షణాన, ఒకే ఎత్తు లేవాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు లేస్తే ఆ పక్క సిలిండర్ లాగుతుంది, రెండోది ఈడ్చుకుంటూ వస్తుంది. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు కాడి పక్కకు లాగినట్టే. దీన్ని కొలిచే గేజీలు ఉంటాయి. చిన్నాన్న దగ్గర లేవు.

ఆయన పెట్టెలోంచి ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీశాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, రెండు స్లైడ్ల కిందా ఒక్కో బిట్ కాడను దూర్చి, సగం బయటికి వేలాడేలా ఉంచాడు. కింద స్టీలు పళ్లెం పెట్టమన్నాడు. ఇంజిన్ ఆపే ఉంది. నన్ను యాక్సిలరేటర్ పట్టుకుని గడియారం ముల్లు కదిలినంత మెల్లగా తిప్పమన్నాడు.

ఠింగ్. ఒక క్షణం ఆగి, ఠింగ్.

కుడిది ముందు పడింది. కేబుల్ మీది చిన్న అడ్జస్టర్‌ను పావు చుట్టు వదులు చేశాడు. మళ్లీ దూర్చాడు. ఠి-ఠింగ్. ఇంకొంచెం. నేను తిప్పుతున్నాను, షెడ్డులో అందరూ పని ఆపి వింటున్నారు, మేనల్లుడు కూడా ల్యాప్‌టాప్ మూసి వచ్చాడు. ఏడోసారో ఎనిమిదోసారో పళ్లెం మీద ఒకే చప్పుడు.

బిగించి, కొత్త పెట్రోల్, కొత్త ఆయిల్ పోసి కిక్ కొడితే రెండో దానికే అందుకుంది. రేస్ ఇస్తే లేచింది, వదిలితే దిగింది. పదిహేను నిమిషాలు తిప్పి తెచ్చి ప్లగ్గులు విప్పి చూశాడు. రెండింటి మూతీ కాఫీపొడి రంగు. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ. ఇదే కావాల్సింది.

బండిని ఇంటికి తెచ్చాను. మావయ్య చొక్కా మార్చుకుని, హెల్మెట్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. నందిని రోడ్డు వైపు వెళ్లి అరగంటలో తిరిగొచ్చాడు. గేటు లోపల స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపకుండా, వంగి పెట్రోల్ కాక్ మూశాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బండి దానంతటది గుడగుడలాడుతూనే ఉంది. నాలుగైదు నిమిషాలకు చప్పుడు కాస్త హెచ్చింది, ఆరబోయే దీపం ఒక్కసారి పెద్దదైనట్టు. గిన్నెల్లో పెట్రోల్ అయిపోతోంది. రెండు పక్కలా దాదాపు ఒకేసారి ఆగింది.

"ఇప్పుడు కరట్టు" అన్నాడు.

మీ ఇంటి వెనక కూడా ఇలాంటి పాత బండి ఒకటి ఉండే ఉంటుంది. పది పదిహేను రోజులు తీయబోమనుకుంటే, ఆపేటప్పుడు తాళం తిప్పకండి. కాక్ మూసి, దానంతటది ఆగేదాకా వదిలెయ్యండి.